కోచ్ వెళ్లిపోయాడు, కమిట్‌మెంట్ మార్చాలా? ముందు కోర్ జీపీఏ లెక్క తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు. అబ్బాయి పదకొండో తరగతి ఇప్పుడే పూర్తి చేశాడు. నిరుడు ఒక డివిజన్ 1 (అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీకి బాస్కెట్‌బాల్ ఆడతానని నోటిమాటగా ఒప్పుకున్నాడు. ఈ మార్చిలో అక్కడి హెడ్ కోచ్ వెళ్లిపోయాడు, ఇంకో కాలేజీ పిలుస్తోంది. స్కూల్ రిపోర్టులో జీపీఏ 3.1 ఉంది, కానీ కొత్త కాలేజీ అసిస్టెంట్ కోచ్ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) చూసి "కోర్ జీపీఏ (ముఖ్య సబ్జెక్టుల సగటు) డౌటే" అన్నాడు. మాట మార్చితే అర్హత దెబ్బతింటుందా, లేదా హైస్కూల్ అయ్యాక ఒక ఏడాది ప్రెప్ స్కూల్‌కి (కాలేజీకి ముందు చదివే స్కూల్) పంపితే సర్దుకుంటుందా అని అడిగారు. చివర్లో విజయవాడలో ఇంటర్ చదువుతున్న మీ అన్నయ్యగారి అబ్బాయి సంగతి కూడా అడిగారు. అది ఆఖర్న చెప్తాను.

సూటిగా చెప్పాలంటే: కమిట్‌మెంట్ మార్చడం వల్ల ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) అర్హత పోదు, రాదు. సంతకం పెట్టేదాకా అది రెండు వైపులా ఉత్త మాటే. అర్హత అనేది ట్రాన్‌స్క్రిప్ట్ మీద వేసే లెక్క, ఏ కాలేజీకి వెళ్లినా ఆ లెక్క మారదు. ప్రెప్ స్కూల్‌తో సర్దుకుంటుందన్నది మాత్రం చాలామంది తల్లిదండ్రులు పడే పొరపాటు. హైస్కూల్ టైముకి పూర్తి చేసినవాడికి ఆ తర్వాతి ఏడాదిలో డివిజన్ 1 లెక్కలోకి వచ్చేది ఒకే ఒక్క కోర్సు. కాబట్టి మీకున్న అసలు సమయం ఈ వేసవి, దాని వెనకే వచ్చే పన్నెండో తరగతి. కోచ్‌లతో మాటలు దాని తర్వాత.

స్కూల్ ఇచ్చిన 3.1 ఎక్కడ, డివిజన్ 1కి కావాల్సిన కోర్ జీపీఏ 2.3 దగ్గరే డౌటు ఎక్కడ, అంత తేడా ఎలా వస్తుందని మీకు అనిపించి ఉండాలి. స్కూల్ జీపీఏలో పీఈ, ఆర్ట్, బ్యాండ్, హెల్త్ అన్నీ ఉంటాయి. పైగా టెక్సస్‌లో కొన్ని డిస్ట్రిక్టులు 4 కాకుండా 5 లేదా 6 స్కేలు మీద వెయిటెడ్ జీపీఏ ఇస్తాయి. ఎన్‌సీఏఏలో అర్హత తేల్చే విభాగమైన ఎలిజిబిలిటీ సెంటర్ ఇవన్నీ పక్కన పెట్టి 16 కోర్ కోర్సులే చూస్తుంది: ఇంగ్లిష్ 4 ఏళ్లు, మ్యాథ్స్ 3 (ఆల్జీబ్రా 1 లేదా ఆ పైది), సైన్స్ 2, ఈ మూడింటిలో ఏదైనా ఇంకొకటి, సోషల్ సైన్స్ 2, ఆ పైన అదనంగా 4 (పై సబ్జెక్టులే కావచ్చు, స్పానిష్ లాంటి భాష కావచ్చు). ఎ అంటే 4, బి అంటే 3, సి అంటే 2, డి అంటే 1. ప్లస్, మైనస్ గుర్తులకు విలువ లేదు, బి ప్లస్ కూడా 3, బి మైనస్ కూడా 3. ఆనర్స్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లాంటి కఠినమైన క్లాసులకు స్కూల్ అదనపు వెయిట్ ఇస్తుంటే, ఆ విధానం ఎన్‌సీఏఏ దగ్గర నమోదై ఉంటేనే కలుపుతారు. డివిజన్ 1లో మొదటి ఏడాదే ఆడాలంటే ఈ 16 మీద 2.3 రావాలి. సగటు 2.299 అయినా 2.3 కింద లెక్క కాదు.

ఊరికే నియమం చెప్తే ఒంటబట్టదు, ఒక కుర్రాడి లెక్క వేసి చూపిస్తాను. పదకొండు పూర్తయ్యేసరికి 14 కోర్ కోర్సులు అయ్యాయనుకోండి. ఇంగ్లిష్ మూడింటిలో సి, సి, సి: 6 పాయింట్లు. ఆల్జీబ్రా 1లో బి, జామెట్రీలో డి, ఆల్జీబ్రా 2లో సి: మరో 6. బయాలజీ సి, కెమిస్ట్రీ డి, ఫిజిక్స్ సి: 5. సోషల్‌లో బి, బి, సి: 8. స్పానిష్‌లో బి, సి: 5. మొత్తం 30. పద్నాలుగుతో భాగిస్తే 2.143. పన్నెండులో ఇంగ్లిష్ 4, ఇంకో కోర్సు తీసుకుని రెండింటిలోనూ బి తెచ్చుకున్నా 36 పాయింట్లే, 16తో భాగిస్తే 2.25. కావాల్సింది 36.8. పాయింటు కూడా కాదు, 0.8 తక్కువ. స్కాలర్‌షిప్ మీద వెళ్లిన పిల్లవాడు మొదటి ఏడాదంతా బెంచీ మీద మామూలు బట్టల్లో కూర్చునేది ఇలాంటి 0.8 దగ్గరే.

దీన్ని సరిచేయడానికి రెండు దార్లు. ఒకటి, డి వచ్చిన కోర్సు మళ్లీ తీసుకోవడం. జామెట్రీని ఈ వేసవిలో మళ్లీ చదివి బి తెచ్చుకుంటే 2 పాయింట్లు పెరిగి 38 అవుతుంది, అంటే 2.375. మళ్లీ తీసుకున్న కోర్సుకి యూనిట్ ఒక్కసారే ఇస్తారు గానీ, రెండు గ్రేడ్లలో మంచిదాన్నే తీసుకుంటారు. రెండోది చాలామందికి తట్టనిది: ఎక్కువ కోర్ కోర్సులు తీసుకుని, చెడ్డదాన్ని లెక్కలోంచి బయటికి నెట్టేయడం. ఎలిజిబిలిటీ సెంటర్ ఉన్న కోర్సులన్నీ కలిపి లెక్కేయదు, సబ్జెక్టుల కోటా నిండేలా మంచి గ్రేడ్లున్న 16 ఏరుకుంటుంది. పన్నెండులో ఇంగ్లిష్ 4, స్టాటిస్టిక్స్, సైకాలజీ మూడూ తీసుకుని మూడింటా బి తెచ్చుకున్నాడనుకోండి. సైన్స్ కోటాకి బయాలజీ, ఫిజిక్స్ సరిపోతాయి. "ఇంకొకటి" అన్న చోట కెమిస్ట్రీ బదులు స్టాటిస్టిక్స్ కూర్చుంటుంది. సైకాలజీ అదనపు నాలుగింటిలోకి వెళ్తుంది. కెమిస్ట్రీ డి పక్కకి పోతుంది. 29కి 9 కలిపితే 38, మళ్లీ 2.375. జామెట్రీ జోలికి వెళ్లకుండానే.

గ్రేడ్లు ఏడాదికి కాదు, సెమిస్టర్‌కి అరయూనిట్ చొప్పున చూస్తారు. జామెట్రీ ఫాల్‌లో డి, స్ప్రింగ్‌లో ఎఫ్ అయితే మీ చేతిలో ఉన్నది అరయూనిట్టే. ఎఫ్‌కి యూనిట్ లేదు. అందుకే పై లెక్కని మీవాడి ట్రాన్‌స్క్రిప్ట్ మీద సెమిస్టర్ గ్రేడ్లతో, 32 గళ్లు గీసుకుని వేయండి. టెక్సస్ స్కూల్ ఆటల్ని నడిపే యూఐఎల్ "నో పాస్, నో ప్లే" (పాసైతేనే ఆట) నియమానికి 70 వస్తే సీజన్ ఆడనిస్తారు కదా అని దీంతో ముడిపెట్టొద్దు. ఆ 70 మీ స్కూల్ స్కేలులో డి కిందకి వస్తే ఎన్‌సీఏఏకి అది 1 పాయింటే.

వేసవి అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఏడో సెమిస్టర్, అంటే పన్నెండో తరగతి, మొదలయ్యేలోపు 16లో 10 కోర్సులు పూర్తయి ఉండాలి. ఆ పదిలో 7 ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌లోవి కావాలి. ఆ రోజు దాటితే ఆ పదికి తాళం పడుతుంది, వాటిలో దేన్నీ మళ్లీ తీసుకుని గ్రేడు పెంచుకోలేరు. పైన చెప్పిన కుర్రాడికి 14 ఉన్నాయి కాబట్టి రెండు డీలని ఆ పది బయట ఉంచి మిగతా వాటితో తాళం నింపుకోవచ్చు. కొంత వెసులుబాటుంది. సరిగ్గా 10 మాత్రమే ఉన్న పిల్లవాడికి ఆ అవకాశం ఉండదు. ఆ పదిలో 20.5 పాయింట్లు ఉంటే, మిగిలిన ఆరింటిలో 16.3 తేవాలి. నాలుగు బీలు, రెండు సీలు వస్తే 16 పాయింట్లు, సగటు 2.281 దగ్గర ఆగిపోతుంది. ఐదు బీలు, ఒక సి కావాలి. సీ గ్రేడ్లకు అలవాటు పడ్డ పిల్లవాడు సీజన్ మధ్యలో ప్రయాణాలు చేస్తూ ఆరింటిలో ఐదు బీలు తెస్తాడా అన్నదే కోచ్ మనసులో తిరిగే లెక్క. అసిస్టెంట్ కోచ్ "డౌటే" అన్నది దాని గురించే అయి ఉంటుంది. పది కూడా నిండకుండా పన్నెండులోకి వెళ్తే సంగతి ఇంకా కష్టం: మొదటి ఏడాది ఆడే అర్హత ఆ రోజే చేజారుతుంది.

మీవాడు ఒక కోర్సు ఆన్‌లైన్‌లో చేశాడని రాశారు. దాని మీద ఈ వారమే దృష్టి పెట్టండి. ఎలిజిబిలిటీ సెంటర్ సైట్‌లో మీ హైస్కూల్ ఆరంకెల సీఈఈబీ కోడ్ కొడితే ఆమోదించిన కోర్ కోర్సుల జాబితా వస్తుంది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్న కోర్సు పేరు ఆ జాబితాలో ఉన్న పేరుతో సరిపోలాలి. ఆన్‌లైన్ కోర్సు వేరే సంస్థ ద్వారా చేసి ఉంటే ఆ సంస్థ కోడ్‌తో వెతకాలి. జాబితాలో ఉండటం ఒక్కటే చాలదు, ఆ కోర్సు నడిచిన తీరు కూడా చూస్తారు: టీచర్‌తో క్రమంగా సంభాషణ ఉందా, మొదలు, ముగింపు తేదీలు ఉన్నాయా, పాఠాలు దాటవేసి నేరుగా పరీక్ష రాసే వీలుందా. ఏడాది కోర్సుని పది రోజుల్లో ముగించినట్టు రికార్డులో కనబడితే ప్రశ్నలు తప్పవు. ఫెయిలైన కోర్సుని మళ్లీ పూర్తి చేయించే క్రెడిట్ రికవరీ క్లాసులకీ ఇదే గొడవ. స్కూల్ డిప్లొమాకి చెల్లినంత మాత్రాన ఎన్‌సీఏఏకి చెల్లాలని లేదు. టీచర్‌తో నడిచిన మెయిళ్లు, అసైన్‌మెంట్ల తేదీలు ఇప్పుడే దాచిపెట్టండి. ఏడాది తర్వాత అడిగితే ఆ ఆన్‌లైన్ ఖాతా తెరుచుకోకపోవచ్చు.

కొత్త కాలేజీ కోచ్‌గానీ, ఏఏయూ (స్కూల్ బయటి క్లబ్ జట్టు) కోచ్‌గానీ "పన్నెండుకి ఫలానా బాస్కెట్‌బాల్ అకాడమీకి మార్చండి, గ్రేడ్లు వాళ్లు చూసుకుంటారు" అంటే అక్కడ ఆగండి. గ్రేడ్లు "చూసుకునే" స్కూళ్ల మీదే ఎన్‌సీఏఏ కన్ను ఉంటుంది. 2006లోనే ఇలాంటి కొన్ని స్కూళ్ల ట్రాన్‌స్క్రిప్టులు ఇక చెల్లవని ప్రకటించింది. స్కూల్ మంచిదే అయినా ఫైలు చిక్కుబడొచ్చు. మాలీ నుంచి వచ్చి న్యూయార్క్‌లో ఒక చిన్న స్కూల్లో చదివిన చెక్ డియాలో 2015లో కాన్సస్‌కి సంతకం చేశాడు. ఆ స్కూల్ కోర్సులు కోర్ కిందకి వస్తాయా రావా అని తేలేసరికి సీజన్ మొదలై ఐదు ఆటలు పోయాయి, డిసెంబర్ 1న గానీ కోర్టులోకి దిగలేదు. వెనక కాన్సస్ లాంటి కాలేజీ నిలబడితేనే అంత సమయం పట్టింది. మీ డల్లాస్ వైపే, 2014లో ప్రైమ్ ప్రెప్ అకాడమీ విద్యార్థి ఇమ్మాన్యుయెల్ ముడియే ఎస్‌ఎంయూ (సదర్న్ మెథడిస్ట్ యూనివర్సిటీ) కమిట్‌మెంట్ వదులుకుని 12 లక్షల డాలర్ల ఒప్పందంతో చైనా వెళ్లిపోయాడు. కుటుంబానికి ఆసరా కావాలన్నది ఆయన చెప్పిన కారణం. ఎన్‌సీఏఏ క్లియరెన్స్ మీద సందేహాల సంగతీ అప్పట్లో వార్తల్లో బాగా నలిగింది. ముడియేకి చైనా దారి ఉంది, మరుసటి ఏడాదే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్తవాళ్లని వరుసగా ఎంచుకునే చోట) 7వ వాడిగా వెళ్లాడు. మిడ్-మేజర్ (డివిజన్ 1లోనే మధ్యస్థాయి) కాలేజీ స్థాయి ఆటగాడికి అలాంటి దారి ఉండదు.

ఇక ప్రెప్ ఏడాది. తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టిన రోజు నుంచి ఎనిమిది సెమిస్టర్లే గడియారం. ఆ గడువులో గ్రాడ్యుయేట్ అయితే తర్వాతి ఏడాదిలో ఒక్క అదనపు కోర్ యూనిట్ వాడుకోవచ్చు. గ్రాడ్యుయేట్ కాకుండా "రీక్లాసిఫై" పేరుతో ఇంకో ఏడాది హైస్కూల్లోనే సాగదీస్తే ఆ ఏడాది కోర్సులు లెక్కలోకే రావు, ఆ ఒక్క యూనిట్ కూడా పోతుంది. నేర్చుకోవడంలో ఇబ్బందులున్నట్టు వైద్య ధ్రువీకరణ ఉన్న పిల్లలకు అదనపు వెసులుబాట్లున్నాయి, అది వేరే దారి. పైన లెక్కలో 2.25 వచ్చిన కుర్రాడికి ఆ ఒక్క యూనిట్ పనికొస్తుంది: డి స్థానంలో బి వస్తే 2.375. సగటు 2.1 ఉన్నవాడికి ఒక్క కోర్సుతో ఏమీ కాదు. శరీరం పెరగాలి, ఆట మెరుగవ్వాలి అనుకుంటే ప్రెప్‌కి పంపండి, తప్పు లేదు. గ్రేడ్ల కోసం అయితే ఆ ఫీజుతో ఈ వేసవి మంచి ట్యూషన్ పెట్టించండి.

రీక్లాసిఫై అంటే ఇంకో అర్థం కూడా ఉంది, ఏడాది ముందే పూర్తి చేయడం. 2017 ఆగస్టులో మార్విన్ బాగ్లీ అలా డ్యూక్‌కి వెళ్లాడు, సెప్టెంబర్‌లో క్లియరెన్స్ వచ్చింది. జీజీ జాక్సన్ 2022లో నార్త్ కరోలైనా కమిట్‌మెంట్ వదిలి, అలాగే ఏడాది ముందుకి జరిగి సౌత్ కరోలైనాలో చేరాడు. కోర్ కోర్సులు ముందే నిండుగా ఉన్నవాళ్లకే అది సాధ్యం. మీవాడు ఆ దిక్కు చూడనక్కర్లేదు.

2.3 రాకపోతే పూర్తిగా తలుపు మూసేసినట్టేమీ కాదు. 2.0 లేదా ఆ పైన, 2.3కి కింద ఉంటే అకడమిక్ రెడ్‌షర్ట్: మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, మొదటి టర్మ్‌లో ప్రాక్టీస్ చేయొచ్చు, ఆటలు ఆడలేడు. బెన్ మెక్‌లెమోర్ 2011లో పాత నిబంధనల కింద పార్షియల్ క్వాలిఫయర్‌గా (అర్హత కొంతమేరకే దక్కినవాడిగా) కాన్సస్‌లో ఒక సీజన్ ఆడకుండా కూర్చుని, మరుసటి సీజన్ ఆడి, 2013 డ్రాఫ్ట్‌లో 7వ వాడిగా వెళ్లాడు. కాకపోతే ఇప్పటి లోకంలో ఏడాది ఆడని ఫ్రెష్‌మన్‌ని ఎంతమంది కోచ్‌లు మోస్తారన్నది ప్రశ్న. కాలేజీలే ఆటగాళ్లకు డబ్బు ఇచ్చే వీలు కల్పించిన కోర్టు రాజీ ఒప్పందంలో (హౌస్ సెటిల్‌మెంట్) చేరిన కాలేజీలకు 2025 జులై నుంచి పురుషుల బాస్కెట్‌బాల్‌లో 13 స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, 15 మంది రోస్టర్ (జట్టు జాబితా) పరిమితి వచ్చింది. ప్రతి వసంతంలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల ఆటగాళ్లు దొరుకుతున్నారు. ఆ పదిహేను కుర్చీల్లో ఒకటి ఆడలేనివాడికి ఇవ్వాలంటే వాడు చాలా గొప్ప ఆటగాడై ఉండాలి. నా అభిప్రాయంలో, గ్రేడ్లు అంచున ఉన్న హైస్కూల్ పిల్లల్నే ఇప్పుడు మొదట వదిలేస్తున్నారు, అదీ చెప్పకుండా. ఫోన్లు తగ్గిపోతాయి, అంతే.

శాట్ రాయించాలా అని కొందరు అడుగుతారు. 2023 జనవరిలో ఎన్‌సీఏఏ మొదటి ఏడాది అర్హతకు టెస్ట్ స్కోరు నిబంధన ఎత్తేసింది. ఒకప్పుడు ఆ స్కోరే కొంప ముంచేది. బ్రాండన్ జెన్నింగ్స్ యూఎస్‌సీ (సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) కమిట్‌మెంట్ వదిలి అరిజోనాకి మాటిచ్చాడు, టెస్ట్ స్కోరు దగ్గర ఆగిపోయి 2008లో ఇటలీ వెళ్లి రోమా తరఫున ఆడాడు. డెరిక్ రోజ్ స్కోరు తర్వాత చెల్లదని తేలడంతో మెంఫిస్ 2007-08 సీజన్ 38 గెలుపులూ రికార్డుల్లోంచి పోయాయి. ఇప్పుడు ఆ బెడద లేదు. కానీ కాలేజీ అడ్మిషన్‌కి సొంతంగా శాట్ అడిగేవి ఉన్నాయి, కమిట్‌మెంట్ మార్చేటప్పుడు కొత్త కాలేజీ ఏ పక్షమో చూసుకోండి.

లెక్క తేలాక మాట మార్చే పని. వరుస ముఖ్యం.

ముందు, పాత కాలేజీలో వచ్చిన కొత్త హెడ్ కోచ్ మీవాడిని కావాలనుకుంటున్నాడా అని అడగండి. ఎవరూ ఫోన్ చేయలేదని ఊహించుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. హెడ్ కోచ్ మారితే అదే కాలేజీకి వాళ్ల ఖర్చుతో మళ్లీ అఫీషియల్ విజిట్‌కి వెళ్లి రావచ్చు. వాడుకోండి.

తర్వాత, కొత్త కాలేజీ వాళ్లతో తేల్చుకోవాల్సినవి: ఇవాళ ఒప్పుకుంటే ఇవాళే తీసుకునే ఆఫరా, లేక "ఆసక్తి ఉంది" అన్న మర్యాదా? ట్రాన్‌స్క్రిప్ట్‌ని వాళ్ల కంప్లయన్స్ ఆఫీసు (ఎన్‌సీఏఏ నియమాలు చూసుకునే విభాగం), అడ్మిషన్స్ ఆఫీసు చూసి ఏమన్నాయి? కోచ్ నోటి నుంచి కాకుండా కంప్లయన్స్ నుంచి మెయిల్ అడగండి. 2.3 రాకపోతే ఆఫర్ ఉంటుందా? ఎలిజిబిలిటీ సెంటర్‌లో మీవాడిని తమ ఇన్‌స్టిట్యూషనల్ రిక్వెస్ట్ లిస్ట్‌లో పెట్టారా? ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఏ డివిజన్ 1 లేదా 2 కాలేజీ లిస్టులోనూ పేరు లేకపోతే తుది నిర్ణయం కోసం ఫైలు కదలదు. ఖాతా, ఎన్‌సీఏఏ ఐడీ, పంపిన ట్రాన్‌స్క్రిప్టులు కాలేజీ మారినా అవే ఉంటాయి, మళ్లీ కట్టనక్కర్లేదు. మారనివి అవి. మారేవి అడ్మిషన్, ఫైనాన్షియల్ ఎయిడ్ గడువులు, మరీ ముఖ్యంగా వేవర్. మొదటి ఏడాది అర్హతకు మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టేది కాలేజీయే, కుటుంబం కాదు. పాత కాలేజీ మీ తరఫున వేవర్‌కి సిద్ధపడి ఉంటే, మాట మార్చిన రోజున అది ఆగిపోతుంది. కొత్తవాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇవన్నీ తేలాక పాత కాలేజీకి ఫోన్ చేయాలి. చేయాల్సింది మీవాడు, మీరు కాదు. రెండు నిమిషాలు చాలు: కృతజ్ఞత, నిర్ణయం, వాదన లేదు. అదే రోజు రెండు వాక్యాల మెయిల్. సోషల్ మీడియా పోస్టు ఆ తర్వాతే. కోచ్‌లు ఉద్యోగాలు మారుతూనే ఉంటారు, ఇవాళ్టి అసిస్టెంటే మూడేళ్ల తర్వాత మీవాడు పోర్టల్‌లో ఉన్నప్పుడు ఇంకో చోట హెడ్ కోచ్ కావచ్చు.

సంతకం అయ్యాక ఇదంతా మారుతుంది. పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. దాని స్థానంలో కాలేజీ ఇచ్చే లిఖిత ఆర్థిక సహాయ ఒప్పందం వచ్చింది. రాతపూర్వక ఆఫర్ పన్నెండో తరగతి ఆగస్టు 1 నుంచి ఇవ్వొచ్చు, బాస్కెట్‌బాల్‌కి ముందస్తు సంతకాలు నవంబర్‌లో. సంతకం అయితే మిగతా కాలేజీలు మీవాడితో రిక్రూటింగ్ మాటలు ఆపేయాలి. మైకేల్ పోర్టర్ జూనియర్ వాషింగ్టన్‌కి సంతకం చేశాక 2017 మార్చిలో అక్కడి కోచ్ లొరెంజో రోమార్‌ని తీసేశారు. విడుదల తీసుకున్నాకే మిజోరీకి వెళ్లగలిగాడు. ఇప్పుడైతే దానితో పాటు రెవెన్యూ షేర్ (కాలేజీ తన ఆదాయంలో ఆటగాడికి ఇచ్చే వాటా) కాంట్రాక్టు కూడా బల్ల మీదకి వస్తోంది. ముందే వెళ్లిపోతే ఎంత తిరిగి కట్టాలి, కోచ్ మారితే బయటపడే వీలుందా, అర్హత రాకపోతే ఆ కాంట్రాక్టు ఏమవుతుంది అన్న మూడు వాక్యాలు అందులో ఎక్కడున్నాయో లాయరుతో వెతికించండి. ఏజెంటు చెప్పిన సారాంశం మీద సంతకం పెట్టించొద్దు.

మన కుటుంబాలకు ప్రత్యేకమైన మాట ఒకటి: మీవాడు హెచ్-4 మీద ఉంటే స్కాలర్‌షిప్‌కి అడ్డు లేదు, కానీ ఆ వీసా మీద పిల్లలకు పని అనుమతి ఉండదు. 21 దాటేలోపు ఎఫ్-1కి మారినా, క్యాంపస్ బయట డబ్బు సంపాదన మీద ఆంక్షలు గట్టివి. "మా దగ్గర ఇంత ఇస్తాం" అన్న అంకె చూసి కమిట్‌మెంట్ మార్చేముందు, ఆ అంకె మీవాడి చేతికి చట్టబద్ధంగా వస్తుందా అని ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. కాలేజీ కంప్లయన్స్ వాళ్ల మాట దీనికి చాలదు.

"తప్పు చోటుకి వెళ్తే పోర్టల్ ఉంది కదా" అనుకోవద్దు. 2024 ఏప్రిల్ నుంచి ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు, చదువు లెక్క సరిగ్గా ఉంటేనే. మొదటి ఏడాదిలో 24 క్రెడిట్ అవర్లు, అందులో 18 మామూలు సెమిస్టర్లలో, ఏ టర్మ్‌లోనూ 6కి తగ్గకూడదు. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం. ఆ 40 శాతం కొత్త కాలేజీలో తీసుకునే డిగ్రీకి సంబంధించి. పాత కాలేజీ క్రెడిట్లు పది దాకా ఎలక్టివ్‌లుగా మిగిలిపోతే శాతం పడిపోతుంది, ఆట ఆగిపోతుంది.

డివిజన్ 1 కుదరకపోతే డివిజన్ 2కి కోర్ జీపీఏ 2.2 చాలు, కోర్సుల పంపిణీ కూడా తేలిక, 10-7 తాళం లేదు. డివిజన్ 3లో ఎన్‌సీఏఏ తరఫున ఇలాంటి లెక్కే లేదు, కాలేజీ అడ్మిషన్ ఇస్తే చాలు, అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఉండదు. జూనియర్ కాలేజీ దారి కూడా గౌరవమైనదే. కాకపోతే నాన్‌క్వాలిఫయర్‌గా (అర్హత రానివాడిగా) వెళ్తే అక్కడ అసోసియేట్ డిగ్రీ పూర్తి చేసి, బదిలీ అయ్యే క్రెడిట్లలో 2.5 సగటు తెచ్చుకోవాలి. పై లెక్కలో 2.3కే తడబడ్డవాడు దీన్ని సులువు దారి అనుకోకూడదు.

ఇక విజయవాడ అబ్బాయి. అతనికీ ఇవే 16 కోర్సులు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు చూస్తారు. మీరు గ్రూపు రాయలేదు, అసలు సంగతి అక్కడే ఉంది. ఎంపీసీ అయితే ఇంగ్లిష్ నాలుగేళ్లు, మ్యాథ్స్ నాలుగేళ్లు, సైన్స్ సరిపోతాయి. సోషల్ తొమ్మిది, పదిలో రెండేళ్లు వచ్చేసింది. మార్కుల కోసం తీసుకునే సంస్కృతమో, తెలుగో అదనపు నాలుగింటి వైపు వెళ్తుంది. బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అయితే మ్యాథ్స్ పదో తరగతితో ఆగిపోతుంది, అంటే రెండేళ్లే. డివిజన్ 1కి మూడేళ్లు కావాలి. డివిజన్ 2కి రెండేళ్లు చాలు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఎంఈసీలో మ్యాథ్స్ ఉంటుంది గానీ సైన్స్ తొమ్మిది, పదిలో వచ్చినదే లెక్క. ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో పోయే ఏడాది మార్కులకేమీ కలపదు, కానీ గడియారం నడుస్తుంది: బాస్కెట్‌బాల్‌కి హైస్కూల్ తర్వాత ఒక్క ఏడాదే గడువు, ఆ పైన టోర్నమెంట్లు ఆడితే కాలేజీ సీజన్లు కోతపడతాయి.

ఇంకోటి, పదికి, ఇంటర్‌కి బోర్డు మెమోలుంటాయి, తొమ్మిదికి ఉండదు. ఆ ఏడాది చివరి మార్కుల షీటు మీద హెడ్‌మాస్టర్ సంతకం, స్కూల్ స్టాంపు ఇప్పుడే వేయించుకోమనండి. స్కూల్ యాజమాన్యం చేతులు మారాక ఆ రిజిస్టర్ వెతికి పెట్టేవాళ్లు దొరకరు.

మీవాడి ట్రాన్‌స్క్రిప్ట్‌లో పేరు, స్కూల్ వివరాలు చెరిపేసి, కోర్సులు, సెమిస్టర్ గ్రేడ్లు మాత్రం ఇక్కడ రాయండి. 32 గళ్లు నింపి, ఏది మళ్లీ తీసుకోవాలో, దేన్ని బయటికి నెట్టాలో చెప్తాను. ఆగస్టులో స్కూల్ తెరిచేలోపు రాస్తే మేలు.